పట్నం పెరిగితే చెరువులో నత్తలకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుగట్ల మీద తిరుగుతూ నత్తలను చూపించడం కొన్నేళ్లుగా నా పని. మేం నీళ్లలో దిగి తట్టతో బురద తోడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగుతారు. ముందు "ఏం పోయింది సార్?" అంటారు, తర్వాత కూర్చుని అడగడం మొదలుపెడతారు. వాళ్లు పదేపదే అడిగినవీ, నేను నిలబడి చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను.

మన చెరువుల్లో అసలు ఎన్ని రకాల నత్తలు ఉంటాయి?

నత్త అనగానే మనకు గుర్తొచ్చేది ఒక్కటే: నిమ్మకాయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్ద గుండ్రటి గుల్ల, ముట్టుకుంటే లోపలికి ముడుచుకుని గట్టి మూత వేసుకునేది. దాని పేరు పైలా. పొలంలో కనిపించేదీ, కూర వండుకునేదీ అదే.

పాత చెరువు ఒడ్డున ఓ గంట కూర్చోండి, మిగతావి కూడా బయటపడతాయి. ఉసిరికాయంత సైజులో, గుల్ల చుట్టూ ముదురు గీతలతో ఉండేది బెల్లామ్యా. తాడును నేలమీద చుట్టగా పెట్టినట్టు చదునుగా ఉండేది ఇండోప్లానార్బిస్. గోరుతో నొక్కితే చిట్లిపోయేంత పల్చటి గుల్ల లిమ్నియాది. మొనదేలి పొడుగ్గా, మెలితిప్పిన మేకులా ఉండేది మెలనాయిడిస్. తామరాకును తిరగేస్తే కందిపప్పు బద్దంత గైరాలస్‌లు అంటుకుని ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన మంచినీటి నత్తలు దాదాపు 4,000 జాతులు. మన దేశంలో నత్తలు, ఆలిచిప్పలు కలిపితే 200కు పైగా ఉంటాయి.

పట్నం పెరగడానికీ నత్తలకూ సంబంధం ఏమిటి? మురుగునీరు కలవడమేనా?

మురుగు ఒక కారణం, అందరికీ కనిపించే కారణం. ముక్కుకు తెలుస్తుంది, నురగ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరం దాని గురించే మాట్లాడతాం. నేను చూసినంతలో నత్తల సంగతి తేలేది నీళ్లలో మాత్రమే కాదు, ఒడ్డు దగ్గర. మూరెడు లోతు నీళ్లు, తడిమట్టి, తుంగ, కుళ్లిన ఆకు, అక్కడక్కడా రాయి ఉండే ఆ అంచే చాలా నత్తల ఇల్లు. పట్నం చెరువు మీదికి వచ్చేటప్పుడు మొదట మింగేది ఆ అంచునే. చెరువు నిండితే మునిగే శిఖం భూమి ప్లాట్లవుతుంది, ఒడ్డు గోడ అవుతుంది, చెరువు తొట్టి అవుతుంది. నీళ్లు శుభ్రంగానే ఉన్నా తొట్టిలో నత్తలు ఎన్నో రకాలు బతకవు.

కానీ మురికి చెరువులో కూడా బోలెడన్ని నత్తలు కనిపిస్తున్నాయి కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను మెచ్చుకుంటాను, వాళ్లు నిజంగా చూశారన్నమాట. నిజమే, కొన్ని మురికి చెరువుల్లో రాయి తిప్పితే పదుల కొద్దీ నత్తలు. కానీ అన్నింటినీ ఒక తెల్ల పళ్లెంలో పోసి వేరు చేయండి. వందల నత్తలు ఉంటాయి, రకాలు మాత్రం రెండో మూడో తేలతాయి. ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, ఎన్ని రకాలు ఉన్నాయన్నది ఇంకో లెక్క. పట్నం పోగొట్టేది రెండోదాన్ని.

ఎవరు మిగులుతారో ఊపిరిని బట్టి తెలుస్తుంది. బెల్లామ్యా, మెలనాయిడిస్ లాంటివి మొప్పలతో నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే పీల్చుకోవాలి. ఇండోప్లానార్బిస్, లిమ్నియాలకు మొప్పలు లేవు, ఊపిరితిత్తి ఉంది. అవి నీటిపైకి వచ్చి గాలి బుడగ పట్టుకుని మళ్లీ కిందికి దిగుతాయి. మురుగు కలిసిన నీళ్లలో బాక్టీరియా ఆక్సిజన్‌ను తినేస్తుంది. చేపలు బతకడానికి లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలత. తెల్లవారుజామున చాలా పట్నం చెరువులు దానికన్నా కిందికి పోతాయి. అప్పుడు మొప్పల నత్తలు ఉక్కిరిబిక్కిరి అవుతాయి, ఊపిరితిత్తి నత్తలు పైకి వచ్చి శ్వాస తీసుకుని పోతాయి.

ఇక్కడ ఒక సవరణ. మెలనాయిడిస్ మొప్పల నత్తే అయినా మొండిది. బురదలో కూరుకుని బతుకుతుంది, మగ తోడు లేకుండానే ఆడది పిల్లల్ని పెడుతుంది. అందుకని కలుషితమైన చెరువు అడుగున అది తరచుగా మిగిలే ఉంటుంది. ప్రకృతిలో ఒక్క నియమంతో అన్నీ తేలవు.

ఒడ్డుకు రాళ్లు పరిచి, కట్ట మీద నడకదారి వేస్తే నత్తలకు నష్టం ఏమిటి? చెరువు అందంగానే ఉంటుంది కదా?

దీనికి నా జవాబు కొంచెం పొడుగు. నా మనసులో ఎక్కువగా తిరిగే ప్రశ్న ఇదే.

పైలా గుడ్లు ఎక్కడ పెడుతుందో మీరు చూశారా? నీళ్లలో కాదు. తొలకరి వానలు పడ్డాక ఆడ నత్త ఒడ్డెక్కుతుంది. తడిమట్టిలో, గడ్డి మొదట్లో, నీడ ఉన్నచోట చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. తెల్లగా, సగ్గుబియ్యం ఉడికించి ముద్ద చేసినట్టు, వందల గుడ్లు ఒకచోట. నేను మొదటిసారి చూసింది ఒక ఊరి కుంట పక్కన తుంగ దుబ్బు కింద. ఆకు తప్పించి చూస్తే ముద్ద మీద మంచుబిందువుల్లాంటి తడి. పక్కనే తల్లి నత్త, మూత సగం తెరిచి, ఇంకా కదలకుండా ఉంది. మా విద్యార్థి ఒకమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, "సార్, ఇది ఎండలో పెడితే ఎండిపోతుంది, నీళ్లలో పెడితే మునిగిపోతుంది" అంది. సరిగ్గా అదే విషయం. ఆ గుడ్డుకు తడి కావాలి, మునక కాదు. ఆ మధ్యస్థమైన చోటు మట్టి ఒడ్డులోనే దొరుకుతుంది.

ఇప్పుడు ఆ ఒడ్డును ఏటవాలుగా చదును చేసి, రాళ్లు పరిచి, సందుల్లో సిమెంటు పోశారనుకోండి. నత్త ఎక్కగలదు, కానీ గుంట చేయడానికి మట్టి లేదు. రాయి మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. పెద్ద నత్తలు కొన్నాళ్లు బతికే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పిల్లలు రావు. ముసలివి రాలిపోయాక, "ఇక్కడ నత్తలుండేవే, ఏమైపోయాయో" అంటారు.

సుందరీకరణ చేయించే ఇంజనీర్లతో నేను మాట్లాడాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కట్ట కోసుకుపోకూడదు, ఆక్రమణ ఆగాలి, జనం నడవాలి. ఇవన్నీ న్యాయమైన అవసరాలే. కట్ట ఉన్న వైపు రాతి పని చేసి, నీళ్లు పలచగా పరుచుకునే శిఖం వైపు ఒడ్డును మట్టితో, తుంగతో వదిలేయమని మాత్రం అడుగుతాను. నాలుగు వైపులా గోడ కట్టాల్సిన అవసరం ఏ చెరువుకూ ఉండదు.

బఫర్ జోన్ ఉందిగా, అది కాపాడదా?

కాగితం మీద ఉంది. తెలంగాణలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు వదలాలన్నది నిబంధన. ఇళ్లు కట్టకుండా అది ఆపుతుంది, అదే పెద్ద మేలు. కానీ ఆ 30 మీటర్లలో లాన్ వేసి, పూలమొక్కలు పెట్టి, పురుగుమందు కొట్టి, రాత్రంతా లైట్లు వెలిగిస్తే నత్తకు అది బఫర్ కాదు.

పూడిక తీయడం మంచిదే కదా? చెరువు లోతవుతుంది.

మంచిదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో తెలంగాణలో ఎన్నో చెరువులకు ప్రాణం వచ్చింది. తీసిన ఒండ్రుమట్టిని రైతులు పొలాల్లో వేసుకున్నారు. నా బాధ ఏ కాలంలో తీస్తారన్న దాని గురించి, ఎంత తీస్తారన్న దాని గురించి.

పూడిక తీసేది వేసవిలో, చెరువు ఎండాక. సరిగ్గా ఆ నెలల్లోనే పైలా బురదలోకి దిగి, మూత బిగించుకుని నిద్రపోతుంది. మొదటి వాన వరకు అది అలాగే ఉంటుంది. పొక్లెయిన్ తవ్వి ట్రాక్టర్‌లో పోసేటప్పుడు మట్టితోపాటు అవి కూడా పొలానికి వెళ్లిపోతాయి. ఒకసారి చెరువు మట్టి తోలిన చేను గట్టు మీద నడుస్తూ ఎండిన గుల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. చాలా గుల్లలకు మూత ఇంకా బిగిసే ఉంది.

చెరువు అడుగును ఒకే ఏడాది మొత్తం తోడకుండా సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు తీస్తే మిగిలిన సగంలో ఉన్నవి మళ్లీ నింపుతాయి. పని ఖర్చు కొంచెం పెరుగుతుంది. అయినా అడగాల్సిన మాటే.

పట్నం చెరువులు వేసవిలో కూడా నిండుగా ఉంటున్నాయి. నత్తలకు అది మేలే కదా?

వింటే మేలులాగే ఉంటుంది. పాత చెరువు వానాకాలం నిండి వేసవిలో సగం ఎండేది. మన నత్తలు ఆ రాకపోకలకు అలవాటు పడినవి. ఇప్పుడు ఇళ్ల నుంచి రోజూ వచ్చే మురుగుతో చెరువు ఏడాదంతా నిండుగా ఉంటుంది. అడుగు ఎప్పుడూ గాలి తగలక నల్లగా కుళ్లుతుంది. ఎండిపోవడం ఆగిపోయాక దాన్ని తట్టుకోవడం తెలిసిన నత్తకు తన బలం పనికిరాకుండా పోతుంది. నిరంతరం నీళ్లుంటే చాలనుకునే బయటి నత్తలకు మాత్రం పండగ.

గుర్రపుడెక్క ఉంటే నత్తలకు ఆసరా దొరకదా?

అంచున కొద్దిగా ఉంటే దాని వేళ్లకు నత్తలు అంటుకుంటాయి. చెరువంతా కప్పేస్తే కింద వెలుతురు ఉండదు, ఆక్సిజన్ ఉండదు. తీయాల్సిందే. తీసిన కుప్పను ఒడ్డుకు అంటి ఒక పూట ఉంచితే వేళ్లలోవి కొన్నయినా తిరిగి నీళ్లలోకి పాకుతాయి.

ఒక చెరువులో పోతే పక్క చెరువు నుంచి రావా?

మన పెద్దలు చెరువుల్ని గొలుసుకట్టుగా కట్టారు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు వాగులోంచి కింది చెరువుకు చేరేవి, వాటితోపాటు నత్తలు, చేపపిల్లలు, విత్తనాలు కూడా. పట్నంలో ఆ కాలువలు నాలాలయ్యాయి, కొన్నిచోట్ల రోడ్డు కింద పైపులయ్యాయి, కొన్నిచోట్ల మాయమయ్యాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు నీళ్లు తమ పాత దారులు వెతుక్కోవడం మనందరం చూశాం.

తిరిగి రావడంలో కూడా అందరికీ ఒకే సత్తువ ఉండదు. లిమ్నియా, ఇండోప్లానార్బిస్ గుడ్లు జిగురు ముద్దలుగా ఆకులకు, కవర్లకు, కొంగ కాళ్లకు కూడా అంటుకుని పోగలవు. ఒక్క నత్త చేరినా తనంతట తానే సంతానం పెంచుకోగలదు. బెల్లామ్యా అలా కాదు. అది గుడ్లు పెట్టదు, గుల్లతో సహా పిల్లల్ని కంటుంది, దానికి ఆడా మగా రెండూ కావాలి. గొలుసు తెగిన చోట మొప్పల నత్త ఒకసారి పోతే తిరిగి రావడం చాలా కష్టం.

ఎడమవైపు తిరిగిన గుల్ల నత్త అంటారే, అదేంటి?

ఫైసెల్లా అక్యూటా. అసలు ఊరు ఉత్తర అమెరికా, ఇప్పుడు అంటార్కిటికా తప్ప ప్రతి ఖండంలోనూ ఉంది. గుర్తుపట్టడం తేలిక. గుల్ల మొన పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. మన లిమ్నియాకు నోరు మీ కుడిచేతి వైపు ఉంటుంది, ఫైసెల్లాకు ఎడమచేతి వైపు. గింజంత ఉంటుంది, నిగనిగలాడుతుంది, చకచకా పాకుతుంది. మురుగు కాలువలో, డ్రైనేజీ పక్కన, పూలకుండీ కింద నిలిచిన నీళ్లలో కూడా కనిపిస్తుంది. అక్వేరియం మొక్కలతో చాలా దూరాలు వెళ్లింది. మన నత్తలను అది తరిమేసిందని నేను అనను. అవి ఖాళీ చేసిన ఇంట్లో అది అద్దెకు దిగిందని అంటాను.

నత్తలు పశువులకు జబ్బులు తెస్తాయి కదా, పోతేనే మంచిది కాదా?

పాడి రైతులు అడిగే ప్రశ్న ఇది, తేలిగ్గా తీసుకోకూడదు. కార్జపు జలగ (కార్జంలో చేరే పరాన్నజీవి పురుగు) జబ్బు లిమ్నియా జాతి నత్తల ద్వారా వస్తుంది. పొట్ట జలగలు, ముక్కులో చేరి గురక పెట్టించే రక్తపు జలగలు ఇండోప్లానార్బిస్ ద్వారా వస్తాయి. జలగ పిల్ల ముందు నత్త శరీరంలో పెరిగి, బయటికి వచ్చి గడ్డికి అంటుకుంటుంది, లేదా నీళ్లలో దిగిన పశువు చర్మం గుండా లోపలికి పోతుంది. ఆ నీళ్లలో దిగిన మనుషులకు కాళ్లు దురద పెట్టడం కూడా దీనివల్లే కావచ్చు.

ఇప్పుడు మురికి చెరువు గురించి పైన చెప్పిన జవాబుతో కలిపి చూడండి. మురుగును తట్టుకుని మిగిలేవి ఎవరు? ఊపిరితిత్తి ఉన్న లిమ్నియా, ఇండోప్లానార్బిస్. పట్నం చెరువును పాడుచేసినప్పుడు పోయేది ముందుగా మొప్పల నత్త, మిగిలేది పశువుకు జబ్బు మోసే నత్త. మూసీ కింది భాగంలో మురుగునీటితో గడ్డి పెంచి పట్నం పాడికి అమ్ముతారు. అక్కడ పశువులున్నవాళ్లు పశువైద్యుణ్ణి అడిగి వేళకు జలగల మందు తాగించడం, నీళ్లు నిలిచే చోట కోసిన పచ్చిగడ్డిని ఎండబెట్టి వేయడం మంచిది. చెరువులో మైలుతుత్తం పోస్తే అందులోని రాగి వల్ల నత్తలన్నీ చస్తాయి, చేపలు కూడా. ఆ పని చేయకండి.

నత్తలు పోతే ఇంకెవరికి నష్టం?

నత్తగుల్ల కొంగకు. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పైలాను పట్టి మాంసం లాగడానికి తయారైన ముక్కు అది. గుల్ల పగలగొట్టదు. అది తిన్నచోట ఖాళీ గుల్లలు చెక్కుచెదరకుండా పడి ఉంటాయి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఈ కొంగలు గూళ్లు కడతాయి. పిల్లలకు మేత పొలాల నుంచి, చెరువుల నుంచి తేవాలి. కొల్లేరు చుట్టుపక్కల రొయ్యల మేత కోసం నత్తల్ని బస్తాలకొద్దీ ఏరారు. అటు విజయవాడ, ఏలూరు మురుగు కూడా ఆ సరస్సుకే చేరుతుంది. రెండు వైపుల నుంచి ఒత్తిడి అంటే అదే.

పట్నం చెరువు నత్తల కూర తినొచ్చా?

ఫ్యాక్టరీల నీళ్లు, పెద్ద రోడ్ల మీది వాన నీళ్లు కలిసే చెరువువి వద్దు. నత్త అడుగు బురదను గీకి తింటుంది, సీసం, కాడ్మియం లాంటి లోహాలు దాని ఒంట్లో పేరుకుంటాయి. ఎంత ఉడికించినా లోహం పోదు. పల్లెలో శుభ్రమైన కుంటవైనా బాగా ఉడికించాలి. నత్తలో ఉండే కొన్ని పురుగులు మనిషికి ప్రమాదం.

ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) కడితే నత్తలు తిరిగి వస్తాయా?

నీళ్లు బాగుపడతాయి, అది మొదటి మెట్టు. శుద్ధి చేసిన నీళ్లలో క్లోరిన్ మిగిలితే నత్తకు విషమే, అందుకని ఆ నీళ్లను తుంగ మడుల గుండా పంపి చెరువులోకి వదలడం మేలు. ఆ తర్వాత ఒడ్డు కావాలి, పై చెరువుతో కాలువ కావాలి. మూడూ ఉన్నచోట మళ్లీ వస్తాయని ఆశ పెట్టుకోవచ్చు. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, పట్నం అంచున ఉన్న చెరువుకు దేశంలో అలాంటి గుర్తింపు అదే మొదటిది. అలాంటి చెరువుల్లో పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు. నత్తల్ని లెక్కపెట్టేవాళ్లు కూడా కావాలి.

మా కాలనీ చెరువులో మేమే లెక్కపెట్టాలంటే ఎలా?

ఒక పిండి జల్లెడ, తెల్ల ప్లాస్టిక్ పళ్లెం, ఫోను, గమ్‌బూట్లు, రబ్బరు గ్లోవ్‌లు చాలు. ఒట్టి చేతులతో దిగకండి. ఒడ్డు వెంబడి ఐదారు చోట్లు ఎంచుకుని, ప్రతిచోటా పది నిమిషాలు వెతకండి: రాయి కింద, ఆకు అడుగున, బురద పైపొరలో. రకాల వారీగా వేరుచేసి ఫొటో తీయండి, గుల్ల నోరు కనిపించేలా ఒకటి, పక్కనుంచి ఒకటి, పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి. బతికున్నవాటిని తీసినచోటే వదిలేయండి. ఏ తారీఖు, ఏ ఒడ్డు, అక్కడ మట్టా రాయా అన్నది తప్పకుండా రాసుకోండి. ఆ చివరి మాట లేకపోతే మిగతా లెక్కకు విలువ తగ్గిపోతుంది. ఫొటోలు ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెడితే గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే వారి మంచినీటి జీవుల కేంద్రం కూడా ఉంది. వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి, రెండు మూడేళ్లు వదలకుండా చేయండి.

అక్వేరియంలో నత్తలు ఎక్కువైపోయాయి. చెరువులో వదిలేయొచ్చా?

వద్దు, ఒక్కటి కూడా వద్దు. దక్షిణ అమెరికా నుంచి పెంపకానికని తెచ్చిన పొమేసియా నత్తలు 1980ల నుంచి తైవాన్, ఫిలిప్పీన్స్ వరి పొలాల్ని నాశనం చేశాయి. చూడటానికి మన పైలాలాగే ఉంటుంది, గుడ్లు మాత్రం గులాబీ రంగులో, నీటికి పైన గోడకో కాడకో అంటించి పెడుతుంది. మన పైలా గుడ్లు తెల్లగా మట్టిలో ఉంటాయి. మీ చెరువు గోడ మీద గులాబీ ముద్ద కనిపిస్తే ఫొటో తీసి దగ్గరి వ్యవసాయాధికారికి చూపించండి. ఇంట్లో ఎక్కువైన నత్తల్ని ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో ఒక రోజు ఉంచి చెత్తలో వేయండి. అక్వేరియం నీళ్లు మొక్క మొదట్లో పోయండి, నాలాలో కాదు.